పట్టా మీద మూడు మాటలు

ఏటా జూలై వచ్చిందంటే మా ఇంటి వరండాలో కుర్చీలు సరిపోవు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మనిషికి ఇంజినీరింగ్ సీట్ల సంగతులన్నీ తెలిసే ఉంటాయని మా ఊరివాళ్ల నమ్మకం. ర్యాంకు కార్డులు, కుల ధ్రువీకరణ పత్రాలు, ప్లాస్టిక్ కవర్లలో భద్రపరిచిన మెమోలు పట్టుకుని వస్తారు. నిరుడు వచ్చినవారిలో ఒక తండ్రీ కూతురూ బాగా గుర్తుండిపోయారు. ఆయనది వెల్డింగ్ షాపు. అమ్మాయి ఇంటర్‌లో ఎంపీసీ, ఎప్‌సెట్‌లో ఇరవై వేలు దాటి ర్యాంకు. నోటుపుస్తకంలో రెండు పేజీల నిండా కాలేజీల కోడ్‌లు, అంతకుముందు ఏడాది చివరి ర్యాంకులు వరుసగా రాసుకుంది. వాటిలో రెండింటి చుట్టూ మాత్రం ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. ఒకటి ఓ ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్. రెండోది హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ) క్యాంపస్‌లో మెటలర్జీ, అంటే లోహాల చదువు.

"యూనివర్సిటీ సీటు వదులుకోవద్దని కొందరు, కంప్యూటర్స్ వదులుకోవద్దని కొందరు చెబుతున్నారు సార్. ఎవరి మాట వినాలి?" అని అడిగారు తండ్రి.

నేను లోపలికి వెళ్లి బీరువాలోంచి నా ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే అసలు పట్టా చేతికొచ్చేలోపు ఇచ్చే పత్రం, తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. విద్యార్థులంతా పీసీ అని పిలిచే ఆ కాగితం ఒక్క పేజీ. నాలుగేళ్ల చదువు చివరికి అందులో మూడు మాటలుగా మిగులుతుంది: ఏ యూనివర్సిటీ, ఏ బ్రాంచి, మార్కులను బట్టి ఏ క్లాసు. ఉద్యోగం ఇచ్చేవాళ్లందరూ ఈ మూడింటినీ ఒకే తీరుగా చూడరు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకదాన్ని చూస్తుంది, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇంకొకదాన్ని, ఇస్రో మరొకదాన్ని. "కాలేజీ ముఖ్యమా, బ్రాంచి ముఖ్యమా" అని ఇంటింటా జరిగే వాదన తెగకపోవడానికి కారణం ఇదే. వాదించే ఇద్దరూ తమకు తెలిసిన ఒక్క దారినే మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు.

జేఎన్‌టీయూలో చదువుతున్నాడంటే?

ముందుగా యూనివర్సిటీ పేరు సంగతి. తెలుగునాట ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇంజినీరింగ్ చదువుకు పెద్ద చరిత్రే ఉంది. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. 1946లో రెండు కాలేజీలు పుట్టాయి. కాకినాడలో ఉన్నది మొదట విశాఖపట్నంలో ఆరంభమై తర్వాత కాకినాడకు చేరింది. అనంతపురం కాలేజీ మద్రాసులోని గిండీలో పాఠాలు మొదలుపెట్టి 1948లో సొంత ఊరికి వచ్చింది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కాలేజీది 1959. కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ ప్రభుత్వ కాలేజీలను ఒక గొడుగు కిందకు తెస్తూ 1972లో జేఎన్‌టీయూ ఏర్పడింది. 2008లో దాన్ని విడదీసి మూడు ఊళ్లకు మూడు సాంకేతిక విశ్వవిద్యాలయాలు చేశారు, లలితకళలకూ ఆర్కిటెక్చర్‌కూ హైదరాబాద్‌లోనే మరొకటి పెట్టారు. 2022లో విజయనగరానికి కూడా ఒకటి వచ్చింది.

ఇంత చరిత్ర ఉన్న పేరు కాబట్టే అందరూ దాన్ని వాడుకుంటారు. "మా వాడు జేఎన్‌టీయూలో చదువుతున్నాడు" అన్న మాటకు మన దగ్గర మూడు అర్థాలున్నాయి. ఒకటి, యూనివర్సిటీ సొంత క్యాంపస్ కాలేజీ. అక్కడ అధ్యాపకులూ, ల్యాబులూ, హాస్టళ్లూ యూనివర్సిటీవే. రెండు, అనుబంధ కాలేజీ. భవనం, జీతాలు, యాజమాన్యం ప్రైవేటువి. సిలబస్, ప్రశ్నపత్రం, పేపర్లు దిద్దడం యూనివర్సిటీ పని. మూడు, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ, అంటే అందరూ అటానమస్ అనేది. సిలబస్ కూడా సొంతంగా తయారు చేసుకుంటుంది, పరీక్షలూ తానే పెడుతుంది, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. మూడు చోట్లా చివరికి చేతికొచ్చే పట్టా మీద ఉండేది ఒకే విశ్వవిద్యాలయం పేరు. చదువు మాత్రం ఒకటి కాదు.

క్యాంపస్ కాలేజీలో చేరితే ఏం లాభం? ఫీజు తక్కువ అన్నది అందరికీ కనిపించే జవాబు. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీల ఏడాది ఫీజు లక్ష దాటి చాలా కాలమైంది. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నా, తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10 వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, లేకపోతే 35 వేల రూపాయల వరకు అన్నది చాలా ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. మిగతాది ఇంటి నుంచే కట్టాలి. ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ము ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపే కాలేజీలూ ఉన్నాయి. ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడ్డాక పీసీ కోసం కాలేజీ చుట్టూ తిరిగే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వెల్డింగ్ షాపు ఆదాయంతో నడిచే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. యూనివర్సిటీ కాలేజీల్లోనూ సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు వచ్చాయి. ఆప్షన్ల జాబితాలో అవి వేరే కోడ్‌తో ఉంటాయి, ఫీజు రెగ్యులర్ సీటు కంటే బాగా ఎక్కువ. కాలేజీ పేరు చూసి సంబరపడి ఆ కోడ్ పెట్టేసి, సీటు వచ్చాక ఫీజు చూసి నివ్వెరపోయిన వాళ్లున్నారు.

డబ్బు కన్నా పెద్ద లాభం మరొకటి ఉందని నా అభిప్రాయం. క్యాంపస్‌లో ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్లు పక్క గదిలోనే ఉంటారు. హాస్టల్‌లో సాయంత్రం ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు చదివే సీనియర్, గ్రూప్స్‌కు చదివే సీనియర్, విదేశాలకు దరఖాస్తులు పంపుకునే సీనియర్ ఒకే మెస్‌లో అన్నం తింటారు. ఇంట్లో మొట్టమొదటగా ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లకు ఆ మెస్ బల్ల మీద దొరికే సమాచారం ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వదు.

లోపాలూ దాచకూడదు. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి, కాంట్రాక్టు అధ్యాపకులే తరగతులు మోస్తున్నారు. కొన్ని ల్యాబుల్లో యంత్రాలు పాతబడ్డాయి. కొత్తగా జిల్లాల్లో పెట్టిన క్యాంపస్ కాలేజీలకూ పాత క్యాంపస్‌లకూ చాలా తేడా ఉంది. అందుకని "యూనివర్సిటీ కాలేజీ" అన్న మాట వినగానే కళ్లు మూసుకుని చేరమని నేను చెప్పను. వీలైతే ఒక్కసారి బస్సెక్కి వెళ్లి ల్యాబు తలుపు తీయించి చూసి రమ్మంటాను.

చూడవలసిన మరో ముద్ర ఉంది. కాలేజీల నాణ్యతను కొలిచే న్యాక్ సంస్థ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. సాంకేతిక కోర్సుల నాణ్యతను చూసే ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది. "మాకు ఎన్‌బీఏ ఉంది" అని గేటు మీద బోర్డు కనిపిస్తే, ఏ బ్రాంచికి, ఏ ఏడాది వరకు అని అడగాలి. ఇంజినీరింగ్ పట్టాలను దేశాల మధ్య పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో శాశ్వత సభ్యత్వం పొందింది. అయితే ఆ ఒప్పందం వర్తించేది ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే. యూనివర్సిటీ విభాగాలూ, అటానమస్ కాలేజీలూ టైర్-1 కిందకు వస్తాయి, మామూలు అనుబంధ కాలేజీలు రావు. ఆస్ట్రేలియా వంటి దేశంలో ఇంజినీరుగా నమోదు కావాలనుకునే సివిల్, మెకానికల్ విద్యార్థికి ఇది పదేళ్ల తర్వాత అక్కరకొచ్చే సంగతి. చేరేటప్పుడు మాత్రం ఎవరూ చెప్పరు.

బ్రాంచి పేరు ఎక్కడ అడుగుతారు

సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలు క్యాంపస్‌కు వచ్చినప్పుడు చాలావరకు బ్రాంచి అడగవు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ (ఈఈఈ) పిల్లలను కూడా కూర్చోబెట్టి పరీక్ష పెడతాయి, ఎంపికైతే తామే శిక్షణ ఇస్తాయి. మొదటి జీతం ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపుల్లో ఉండే ఆ ఉద్యోగాలకు సీఎస్‌ఈ పట్టా తప్పనిసరి కాదు. కానీ సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు తయారుచేసే పెద్ద కంపెనీలు, ఎక్కువ జీతం ఇచ్చేవి, డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు గట్టిగా అడుగుతాయి. అవి సీఎస్‌ఈలో పాఠాలుగా చెబుతారు, మిగతా బ్రాంచిల వాళ్లు సొంతంగా నేర్చుకోవాలి. పట్టుదల ఉన్నవాళ్లు నేర్చుకుంటారు కూడా. కాకినాడలో మెకానికల్ చదివిన బీవీఆర్ మోహన్‌రెడ్డి 1991లో ఇన్ఫోటెక్ స్థాపించారు, ఈనాడు సైయెంట్ అని పిలుస్తున్నది అదే. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ అడోబీ సారథి అయ్యారు. ప్రైవేటు రంగంలో బ్రాంచి మీ మొదటి మెట్టును మాత్రమే నిర్ణయిస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి కథ పూర్తిగా మారిపోతుంది. అక్కడ పట్టా మీద అచ్చయిన బ్రాంచి పేరే అర్హత. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1,540 అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. నీటిపారుదల, రోడ్లు భవనాలు, తాగునీరు వంటి శాఖల్లో ఆ పోస్టులు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ పట్టాలున్న వాళ్లకే. సీఎస్‌ఈలో బంగారు పతకం వచ్చినా దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షలో ఉన్నవి నాలుగే విభాగాలు: సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్-టెలికమ్యూనికేషన్. కంప్యూటర్ సైన్స్‌కు అందులో పేపరే లేదు. మరోవైపు, బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టులకు బ్యాంకు ఉద్యోగాల ఎంపిక సంస్థ ఐబీపీఎస్ కంప్యూటర్, ఐటీ, ఎలక్ట్రానిక్స్ పట్టాలు అడుగుతుంది, సివిల్ పట్టా ఒక్కటే ఉంటే అటు వెళ్లలేరు. ఇక ఐఏఎస్‌కూ, గ్రూప్-1కూ ఏ డిగ్రీ అయినా చాలు.

గేట్ విషయంలో చాలామంది పొరబడుతుంటారు. ఆ పరీక్షలో తన బ్రాంచి కాని పేపరు కూడా రాసుకోవచ్చు, ఐఐటీలో కొన్ని ఎంటెక్ కోర్సులకు అలా వెళ్లవచ్చు కూడా. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. కానీ పవర్‌గ్రిడ్ వంటి ప్రభుత్వ రంగ సంస్థ గేట్ స్కోరుతో ఉద్యోగం ఇచ్చేటప్పుడు, పేపరుతో పాటు పట్టా మీద బ్రాంచినీ చూస్తుంది. ఎలక్ట్రికల్ పేపరులో మంచి స్కోరు తెచ్చుకున్న మెకానికల్ విద్యార్థికి ఎలక్ట్రికల్ ఉద్యోగం రాదు.

ఈ మధ్య బ్రాంచిల పేర్లే ఒక చిక్కుముడిగా మారాయి. 2020 నుంచి సీఎస్‌ఈకి తోకలు మొలిచాయి: కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్. 2024-25 నుంచి కోర్సుకు ఇన్ని సీట్లే అన్న పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది, ప్రైవేటు కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని వీటిని పెంచుకున్నాయి. మొదటి రెండేళ్ల పాఠాలు ఈ కోర్సులన్నింటికీ దాదాపు ఒకటే. తేడా ఉండేది మూడు, నాలుగు సంవత్సరాల్లో కొన్ని సబ్జెక్టుల్లోనే. పేరులో కొత్తదనం చూసి మోజు పడడం కంటే, ఆ మూడో ఏడాది పేపర్లు చెప్పడానికి కాలేజీలో ఎవరున్నారో అడగడం మేలు. మామూలు సీఎస్‌ఈ దొరికితే తోక ఉన్న కోర్సు కోసం దాన్ని వదులుకోవద్దని మాత్రం నేను గట్టిగా చెబుతాను. నాలుగేళ్లలో ఏ సాంకేతికత నిలుస్తుందో ఎవరికి తెలుసు? పునాది సబ్జెక్టులు మాత్రం నిలుస్తాయి.

బ్రాంచి నచ్చనివారికి ఒక సందు ఉంది. బీటెక్ పట్టాకు ఇప్పుడు సుమారు 160 క్రెడిట్లు, అంటే సబ్జెక్టులు గట్టెక్కితే జమయ్యే పాయింట్లు, కావాలి. వాటిపైన 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా వేరే బ్రాంచి సబ్జెక్టుల్లో చేస్తే మైనర్ డిగ్రీ వస్తుంది. సివిల్ విద్యార్థి కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ చేయవచ్చు. దానికి మొదటి ఏడాది నుంచే మంచి గ్రేడు ఉండాలి. అయినా అసలు పట్టా మీద సివిల్ అనే ఉంటుంది కాబట్టి ప్రభుత్వ సివిల్ పోస్టుల తలుపు మూసుకోదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ప్రమాదమంటారు కానీ, ఈ ఒక్క చోట అది తెలివైన పని.

అరుదైన బ్రాంచిలు

యూనివర్సిటీ కాలేజీల అసలు సంపద ఇదే. లాభం రాదని చాలా ప్రైవేటు కాలేజీలు ముట్టుకోని కోర్సులు ఇక్కడ బతికి ఉన్నాయి. ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది, అక్కడి టెక్నాలజీ కాలేజీలో టెక్స్‌టైల్, ఫుడ్ టెక్నాలజీ ఉన్నాయి. కృష్ణా గోదావరి బేసిన్ చమురు పక్కనే ఉన్న కాకినాడలో పెట్రోలియం ఇంజినీరింగ్ ఉంది. ఓడరేవు నగరంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నౌకా నిర్మాణం, మెరైన్ ఇంజినీరింగ్ చెబుతారు, హిందుస్థాన్ షిప్‌యార్డ్ అదే ఊళ్లో ఉంది. కొత్తగూడెంలో దశాబ్దాలుగా మైనింగ్ చెబుతున్నారు. ఆ కాలేజీ 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. ఈ కోర్సులేవీ ఉత్తినే పుట్టలేదు. నేలలో ఉన్న బొగ్గును బట్టి, తీరంలో ఉన్న ఓడలను బట్టి పుట్టాయి.

మైనింగ్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ పట్టా ఒక్కటే చాలదు. గనిలో మేనేజరు కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ ఇచ్చే యోగ్యతా పత్రం కావాలి. డిగ్రీ తర్వాత గనిలో శిక్షణ, ఆపైన సెకండ్ క్లాస్ మేనేజర్ పరీక్ష, అనుభవం గడించాక ఫస్ట్ క్లాస్ పరీక్ష. ఆ పత్రం ఉన్నవాళ్లకు గనుల్లో విలువ వేరు. భూగర్భ గనుల్లోకి ఆడవాళ్లు దిగకూడదన్న పాత నిషేధాన్ని సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ ఉద్యోగాలకు కేంద్రం 2019 జనవరిలో సడలించింది. కాబట్టి సింగరేణి ప్రాంతపు ఆడపిల్లలు ఆ బ్రాంచిని తమది కాదని పక్కన పెట్టనక్కరలేదు.

మా వరండాలో కూర్చున్న అమ్మాయి అడిగింది మెటలర్జీ గురించి. "అందులో ఏం చెబుతారు సార్?" నేను జవాబు చెప్పకుండా వాళ్ల నాన్న వైపు తిరిగి, లారీ కమాను పట్టీ విరిగితే ఎలా అతుకుతారని అడిగాను. ఆయన ముఖం వెలిగింది. అంతసేపూ కుర్చీ అంచున కూర్చున్న మనిషి వెనక్కి ఆనుకుని, చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టారు. "మామూలు ఇనుములాగా అతికితే రెండు రోజుల్లో అతుకు పక్కనే పటుక్కున విరిగిపోతుంది సార్. ముందు గ్యాస్‌తో పట్టీని బాగా వేడి చేయాలి. అతికాక నీళ్లు చల్లకూడదు. వేడి బూడిదలో పాతిపెట్టి తెల్లారేదాకా వదిలేయాలి."

"ఎందుకు నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

"ఎందుకో తెలియదమ్మా. మా గురువు అలా చేసేవాడు."

మెటలర్జీ ఆ "ఎందుకు"కు జవాబు. కమాను ఉక్కులో కార్బన్ ఎక్కువ. అతికేచోట కరిగి ఎర్రబడ్డ లోహం చుట్టూ చల్లటి పట్టీ ఉంటే, అది వేడిని క్షణాల్లో లాగేస్తుంది. అంత త్వరగా చల్లారిన ఉక్కులో లోపలి అమరిక మారి అద్దంలా గట్టిపడుతుంది, పెళుసవుతుంది. ముందే వేడి చేసి, బూడిదలో నెమ్మదిగా చల్లారనిస్తే ఆ మార్పు జరగదు. ఆయన ముప్పై ఏళ్లుగా చేతులతో చేస్తున్నదే ఈ పిల్ల మైక్రోస్కోపు కింద చూస్తుంది. క్షిపణి తొడుగులకు ఉక్కు, అణు రియాక్టరు ఇంధన గొట్టాలకు జిర్కోనియం మిశ్రమం, విమాన ఇంజిన్లకు ప్రత్యేక లోహాలు తయారుచేసే చోట్లన్నీ ఇదే చదువు. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వారి లోహ పరిశోధనశాల ఉన్నాయి. విశాఖలో ఉక్కు కర్మాగారం ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం తన శిక్షణ పాఠశాలకు మెటలర్జీ పట్టాదారులను తీసుకుంటుంది.

ఇంత చెప్పాక దీని కష్టమూ చెప్పాను. పోస్టులు తక్కువ. ప్రకటనలు ఏటా రావు. క్యాంపస్‌కు లోహ పరిశ్రమలు వచ్చేది కొద్దిగానే, చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌కే వెళతారు. ఈ బ్రాంచిలో నిలబడాలంటే గేట్ రాయాలి, ఎంటెక్‌కైనా పరిశోధనకైనా సిద్ధపడాలి. నాలుగేళ్లకే ఇంటికి జీతం కావాలనుకునే కుటుంబానికి ఆ ఎదురుచూపు భారం. ఇష్టం ఉంటేనే అటు వెళ్లాలి, యూనివర్సిటీ పేరు కోసం మాత్రం వెళ్లకూడదు.

క్లాసు: అందరూ మరిచిపోయే మూడో మాట

సీటు రాగానే పోరు ముగిసిందనుకుంటారు. క్యాంపస్‌లలో మొదటి ఏడాది మునిగిపోయే పిల్లల్లో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి వచ్చిన మంచి ర్యాంకర్లే అని నా అనుభవం. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్, గణితం, ప్రోగ్రామింగ్ సబ్జెక్టుల్లో తప్పుతారు. సప్లిమెంటరీ ఉంది కదా అని వదిలేస్తారు. తప్పిన సబ్జెక్టులు, అంటే బ్యాక్‌లాగులు, పేరుకుపోయి నిర్ణీత క్రెడిట్లు రాకపోతే పై ఏడాదికి పంపరు, అదే క్రెడిట్ డిటెన్షన్. హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్యం వంటి కారణాలుంటే రుసుము కట్టించుకుని 65 శాతం వరకు మన్నిస్తారు, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. నాలుగేళ్ల పట్టాను జేఎన్‌టీయూలో ఎనిమిదేళ్లలోపు పూర్తి చేయకపోతే సీటే పోతుంది. ఏడాది ఆగి తిరిగి చేరినవారికి సిలబస్ నిబంధనలు కూడా మారిపోవచ్చు. హైదరాబాద్‌లో ఆర్18, ఆర్22 అనీ, కాకినాడ, అనంతపురంలో ఆర్20, ఆర్23 అనీ పిలిచేవి ఆ నిబంధనలే. పాత సబ్జెక్టుకు బదులు ఏది రాయాలో తెలుసుకోవడానికి పరీక్షల విభాగం చుట్టూ తిరగాలి.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. చాలా కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింటిలో 60 శాతం, ఇంటర్వ్యూ రోజుకు ఒక్క బ్యాక్‌లాగూ లేకపోవడం అడుగుతాయి. ఇస్రో శాస్త్రవేత్త-ఇంజినీరు పోస్టులకు 65 శాతం లేదా పదికి 6.84 సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు) కావాలి, కోర్సు నిర్ణీత గడువులో పూర్తయి ఉండాలి. ఐదో ఏట సప్లిమెంటరీ గట్టెక్కినవాడికి పట్టా వస్తుంది, ఆ తలుపు మాత్రం తెరుచుకోదు. గ్రేడును శాతంగా మార్చే లెక్క యూనివర్సిటీకొకటి. హైదరాబాద్ జేఎన్‌టీయూలో సీజీపీఏ లోంచి అర తీసేసి పదితో హెచ్చిస్తారు, అంటే 7 వస్తే 65 శాతం. దరఖాస్తులో నేరుగా 70 అని రాసి ధ్రువపత్రాల పరిశీలనలో ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారు.

అమెరికా వెళ్లాలనుకునేవారికి పట్టా కంటే మార్కుల జాబితా ముఖ్యం. ఎనిమిది సెమిస్టర్ల గ్రేడ్లూ, ఎన్నిసార్లు తప్పారన్నదీ అక్కడి విశ్వవిద్యాలయం చదువుతుంది. ధ్రువీకరించిన ఆ జాబితాలు, అంటే ట్రాన్‌స్క్రిప్టులు, యూనివర్సిటీ నుంచి తెప్పించుకోవడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి ఆఖరి సెమిస్టరులోనే దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ చదువు ముగిశాక ఒక ఏడాది, సాంకేతిక కోర్సులకు మరో రెండేళ్లు పని చేసుకునే వీలుంటుంది. సివిల్‌కైనా మెకానికల్‌కైనా ఈ మూడేళ్లు వర్తిస్తాయి, కంప్యూటర్స్‌కే కాదు. ఆ తర్వాత పని వీసా లాటరీ. ఏటా 65 వేలు, అక్కడ పీజీ చేసినవారికి మరో 20 వేలు. అప్పు చేసి పంపే తల్లిదండ్రులు ఈ లాటరీ అన్న మాటను ముందే వినాలి.

మా పాలిటెక్నిక్ పిల్లల గురించి ఒక్క ముక్క. పదో తరగతి తర్వాత డిప్లొమా చదివి, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. యూనివర్సిటీ క్యాంపస్‌లలోనూ ఈ సీట్లుంటాయి. డిప్లొమా చేతిలో ఉన్నవాళ్లు రాష్ట్రంలో అసిస్టెంట్ ఇంజినీరు, రైల్వేలో జూనియర్ ఇంజినీరు పోస్టులకు పట్టా రాకముందే అర్హులు. ఇంటి పరిస్థితి బాగులేని పిల్లకు ఇది గట్టి ఆసరా. ఎంపీసీ హడావిడిలో దీన్ని చిన్నచూపు చూస్తున్నారు, నాకది బాధ.

ఇదంతా విన్నాక ఆ తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మూడేళ్లు ఎక్కువ ఆగాల్సి వస్తే షాపు నడుస్తుంది లెండి" అన్నారు. అమ్మాయి నోటుపుస్తకం తెరిచి ఎర్ర గీతల పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేసింది. జేఎన్‌టీయూ క్యాంపస్ మెటలర్జీ ఒకటి. ప్రైవేటు సీఎస్‌ఈ రెండు. మర్నాడు మీసేవ కేంద్రంలో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ కోడ్ సెల్ఫ్ ఫైనాన్స్‌ది కాదు కదా అని నాకు ఫోన్ చేసి మరీ సరిచూసుకుంది. తర్వాత వాళ్ల నాన్న ఫోను అందుకుని, ఆ కాలేజీలో వెల్డింగ్ ల్యాబు ఉంటుందా, తల్లిదండ్రులను చూడనిస్తారా అని అడిగారు.